ఐసమ్మ గీత

ఐసమ్మకు చెమట పట్టదు. ఇరవై రెండు ఆవిరి ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి బుస్సుమనే చొక్కాల ఫ్యాక్టరీ హాల్లో మిగతా ఆడవాళ్ళంతా పదింటికల్లా తడిసి ముద్దవుతుంటే, ఆవిడ మాత్రం మెడకు తువ్వాలు చుట్టుకుని, ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఆ పేరు పెట్టింది పక్క బల్ల దగ్గర పనిచేసే తోటికోడలే. వెటకారానికి పెట్టింది. ఐసమ్మ దాన్ని బిరుదులా పుచ్చుకుంది.

అందుకే సోమవారం పొద్దున సూపర్‌వైజరు హాలు మధ్యకొచ్చి "ఐసమ్మా, ఇలా రా, నీతో పనుంది" అన్నప్పుడు ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. పిలిస్తే తననే పిలవాలి మరి.

ఆదివారం సెలవులో ఎవరో వచ్చి ప్రతి బల్లకూ పైన, కప్పుకు, తెల్లటి గిన్నె బోర్లించినట్టున్న వస్తువొకటి బిగించి వెళ్ళారు. దాని పక్కన అంకెలు కనిపించే చిన్న పలక, దీపం. వాటి తాలూకు మనిషి ఒకతను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాడు. సన్నగా, కళ్ళద్దాలతో, రాత్రంతా నిద్రలేనట్టు ఉన్నాడు. సాయంత్రానికల్లా అందరూ అతన్ని మీటరాయన అనడం మొదలుపెట్టారు.

"ఇవి మిమ్మల్ని ముట్టుకోవమ్మా" అన్నాడతను. "థర్మామీటరు పెట్టక్కర్లేదు, ముక్కుకి గొట్టం కట్టక్కర్లేదు. మైక్రోవేవ్ తరంగాలతో బట్టల్లోంచే ఒంటి వేడి పట్టుకుంటాయి. ఊపిరి, గుండె కొట్టుకోవడం కూడా. ఒళ్ళు ఎంత తిండిని ఎంత జోరుగా కాలుస్తోందో లెక్కేసి, అంతా కలిపి ఒక అంకె చూపిస్తాయి."

"మైక్రోవేవా?" తోటికోడలు తన బల్ల దగ్గర్నుంచే అరిచింది. "అన్నం వేడిచేసే పెట్టెలో ఉండేది అదేగా? ఇప్పటిదాకా కింద నుంచి ఉడికించారు, ఇక పైనుంచి కూడానా?"

హాలంతా నవ్వింది. సూపర్‌వైజరు నవ్వలేదు. "మీ ఆరోగ్యం కోసమే. ఎండకాలంలో ఇద్దరు పడిపోయారు కదా. మన చొక్కాలు కొనేవాళ్ళకి ఆ సంగతి తెలిసింది. హాల్లో ఎవరి ఒళ్ళూ వేడెక్కకూడదని రాసి పంపారు."

"పంకాలు పెట్టండని అడిగితే గిన్నెలు పెట్టారు" అంది తోటికోడలు. ఆవిడ నోటికి హద్దూ పద్దూ లేదు. లావుపాటి మనిషి, చేయి చురుకు, ముక్కు చివర ఎప్పుడూ ఒక చెమట బొట్టు వేలాడుతూ ఉంటుంది.

అంకె ఎంత దాటితే ఎక్కువో తెలియాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కావాలిట, కొలత పెట్టుకోడానికి. పదిమంది కావాలన్నాడు మీటరాయన. "పదిమందిని ఆపితే చొక్కాలు నువ్వు ఇస్త్రీ చేస్తావా?" అన్నాడు సూపర్‌వైజరు. "ఒక్కరు చాలు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజు జ్వరమని మానలేదు మా ఐసమ్మ. ఇంతకన్నా గట్టి మనిషి నీకెక్కడ దొరుకుతుంది?"

ఐసమ్మ ఒకటో బల్ల దగ్గర నిలబడింది. కాలర్‌తో మొదలుపెట్టింది. కాలర్ కొసల నుంచి మధ్యకి, లేకపోతే కొస దగ్గర మడత పడుతుంది. తర్వాత చేతుల పట్టీలు, చేతులు, భుజం ముక్క, ముందు భాగాలు, చివర్న వీపు. ఎడమ కాలితో పెడలు నొక్కితే బల్ల కింది గాలి గుడ్డని లాగి పట్టుకుంటుంది. పెట్టె ఎత్తినప్పుడు ఆవిడ భుజం కదలదు, మణికట్టే తిరుగుతుంది. రెండు గంటలు అలాగే చేసింది. మీటరాయన ఆవిడ చేతుల్ని చూడలేదు, పైన పలక చూశాడు. చూసి నిచ్చెనెక్కి గిన్నె మార్చాడు. మళ్ళీ చూసి, మళ్ళీ మార్చాడు.

"అరవై నాలుగు" అన్నాడు చివరికి. "సార్, ఇంత పని చేస్తూ అరవై నాలుగు రాకూడదు. నా లెక్క ప్రకారం డెబ్బై ఐదుకి తగ్గకూడదు."

"రాకూడదు కానీ వచ్చింది కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రెండు అంకెలు వెసులుబాటిచ్చి అరవై ఆరు దగ్గర గీత పెట్టు."

గీత పెట్టాడు. సామాను సర్దుకుంటూ ఐసమ్మ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, వీలుచూసుకుని ఒకసారి డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు.

"నాకేం రోగమని?" అంది ఐసమ్మ. తన బొంగురు గొంతు హాలు చివరిదాకా వినపడేలా అంది.

* * *

మంగళవారం నుంచి రూలు అమల్లోకొచ్చింది. అంకె అరవై ఆరు దాటితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగితే పెట్టె ఆపేసి చల్లగదిలో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. రోజులో మూడుసార్లు వెలిగితే ఇంటికి. వారంలో మూడు రోజులు అలా ఇంటికెళ్ళినవాళ్ళు వేడికి పనికిరానివాళ్ళు, వచ్చే వారం నుంచి రానక్కర్లేదు. చల్లగది హాలు పక్కనే, మధ్యలో అద్దం. ఏసీ, ఒక బెంచీ. నిన్నటిదాకా అది సూపర్‌వైజరు భోంచేసే గది.

తొమ్మిదిన్నరకి ఎర్ర దీపాల తోరణం కట్టినట్టయింది. ఆకుపచ్చగా ఉన్నది ఒకటో బల్ల మీద ఒక్కటే. ఐసమ్మ తల ఎత్తకుండానే దాన్ని చూస్తూ ఉంది. అదెలా సాధ్యమో ఆవిడకే తెలియాలి.

తోటికోడలికి డెబ్బై తొమ్మిది. మొదటిసారి నవ్వుతూ వెళ్ళింది. "ఏసీలో కూర్చోబెట్టి మరీ జీతమిస్తారట, నాకేం కష్టం!" రెండోసారి నవ్వలేదు. మూడోసారి పదకొండు కాకుండానే, సగం ఇస్త్రీ చేసిన చొక్కా బల్ల మీదే వదిలేసి, చేతిసంచీ తీసుకుంది. వెళ్తూ వెళ్తూ ఐసమ్మ వైపు చూసింది.

ఐసమ్మకు లోపల పండగైంది. ఉన్నమాట చెప్పాలంటే అంతే. జాలేసిందని రాయొచ్చు, కానీ వెయ్యలేదు. టీ గంట కొట్టినప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు వెచ్చబడేదాకా పట్టుకుని, నెమ్మదిగా తాగింది. పక్క బల్ల మీద వదిలేసిన చొక్కా తనే పూర్తిచేసి, ఎడమ చెయ్యి దగ్గర తోటికోడలు వేసిన దొంగ మడత సూపర్‌వైజరుకి చూపించింది. "పని రాదు కానీ ఒగర్పుకేం తక్కువ లేదు" అంది.

* * *

బుధవారం కూడా తోటికోడలు మధ్యాహ్నంలోపే ఇంటికెళ్ళిపోయింది. ఇంకొక్క రోజు మిగిలింది.

ఆ సాయంత్రం ఐసమ్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. భయపడి కాదు. మీటరాయన మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది, దాన్ని చంపాలి. నిక్షేపంలా ఉన్నానని ఒక కాగితం రాయించుకుని అతని మొహాన పెట్టాలి.

డాక్టరమ్మ ఆవిడ కనురెప్పలు లాగి చూసింది, ఉబ్బిన చెంపలు నొక్కింది, జుట్టు పాయ ఒకటి వేళ్ళ మధ్య నలిపితే నాలుగు వెంట్రుకలు వేళ్ళకే వచ్చాయి. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మడమ పైన చిన్న సుత్తితో తట్టింది. పాదం కదిలింది. కదిలి, తన చోటికి తిరిగి రావడానికి మాత్రం తీరిక చూసుకుంది. రక్తం తీయించి, గంటన్నర బయట కూర్చోమంది.

"చలి ఎన్నేళ్ళ నుంచి?"

"చలేమిటండీ? నాకు చెమట పట్టదు, అంతే. మంచిదేగా?"

"మంచిది కాదు. మీ గొంతు దగ్గరుండే గ్రంథి దాదాపు పని మానేసింది. థైరాయిడ్ అంటారే, అది. ఒళ్ళు కాల్చాల్సినంత కాల్చట్లేదు. పొయ్యి ఉంది, మంట లేదు. ఈ ఒంటితో మీరు ఇస్త్రీ పనెలా చేస్తున్నారో నాకు అర్థం కావట్లేదు." డాక్టరమ్మ రాస్తూనే మాట్లాడింది. "రోజూ పొద్దున్నే ఒక మాత్ర. నెలా రెండు నెలల్లో మామూలు వేడికి వస్తారు."

"మామూలంటే? అందరిలాగానా?"

"అందరిలాగే. చెమట కూడా పడుతుంది." మంచి కబురు చెప్పినట్టు నవ్వింది డాక్టరమ్మ.

"నాకు ఏ జబ్బూ లేదని కాగితం రాసిస్తారనుకుని వచ్చాను" అంది ఐసమ్మ.

"ఉందని రాసిచ్చాను కదా" అని చీటీ చేతికిచ్చింది.

ఇంటికి నడుస్తుంటే సంగతి మొత్తం అర్థమైంది ఆవిడకి. తెలివి తక్కువ మనిషేమీ కాదు. గీత పెట్టింది తన ఒంటిని చూసి. తన ఒళ్ళేమో ఆరిపోతున్న పొయ్యి. అంటే హాల్లో ఇరవై ఒక్కమంది సరిగ్గానే ఉన్నారు, తను ఒక్కతే సరిగ్గా లేదు. ఈ చీటీ తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెడితే గీత చెరిగిపోతుంది. తోటికోడలి పని నిలబడుతుంది. తనేమవుతుంది? జబ్బు మనిషవుతుంది. పద్దెనిమిదేళ్ళుగా కూడబెట్టుకున్న పేరు ఒక్క చీటీతో రోగమైపోతుంది. మాత్రలు కొనుక్కుంది. ఇంటికెళ్ళి చీటీనీ మాత్రల్నీ ట్రంకుపెట్టె అడుగున, దుప్పట్ల కింద పెట్టింది.

ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఒకటే కుళాయి. చీకటి పడే వేళకి తోటికోడలు వచ్చింది. వచ్చి గడప దగ్గర నిలబడలేదు, ఎప్పట్లా కుర్చీ లాక్కోలేదు. నేల మీద కూర్చుంది.

"అక్కా, ఒక మాట అడుగుతాను, నవ్వకు."

"అడుగు."

"ఏం చేస్తావు నువ్వు? ఒళ్ళు అలా చల్లగా ఎలా ఉంటుంది నీకు? ఏదో కిటుకుంది. రేపు కూడా పంపించేశారంటే అయిపోయినట్టే. మీ మరిది సంగతి నీకు తెలుసుగా, మోకాలి ఆపరేషనయ్యాక గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోతున్నాడు. నేనొక్కదాన్నే." ముక్కు చివరి చెమట బొట్టు తుడుచుకుంది. "నిన్ను ఐసమ్మా అని ఏడిపించాను. చెంపలేసుకుంటాను, కావాలంటే."

ట్రంకుపెట్టె ఐసమ్మ వీపు వెనకే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ తోటికోడలు నేల మీద కూర్చోవడం, తల ఎత్తి తన వైపు చూడడం, అక్కా అనే మాట మధ్యలో వెటకారం లేకుండా పలకడం, ఇవన్నీ ఇన్నేళ్ళలో మొదటిసారి జరుగుతున్నాయి. ఐసమ్మ దాన్ని ఇంకొంచెంసేపు ఉండనిచ్చింది.

"పొద్దున్నే తినను" అంది.

"అసలేమీనా?"

"ఏమీ తినను. తింటే ఒళ్ళు రాజుకుంటుంది. నీళ్ళు కూడా గుక్కెడే. ఊపిరి ముక్కుతోనే, నెమ్మదిగా పీల్చాలి. పెట్టె తొందరగా తిప్పకూడదు." నోటికి ఎలా వస్తే అలా చెప్పుకుపోయింది. ఆవిడ రోజూ పొద్దున కంచం నిండా తిని వెళ్తుందని గోడ అవతలివాళ్ళకి వాసన తెలియదా? తెలుసు. కానీ ప్రాణం మీదికొచ్చినవాళ్ళు వాసనలు గుర్తుపెట్టుకోరు.

"అంతేనా?" అంది తోటికోడలు. మొహం విప్పారింది. లేస్తూ ఐసమ్మ పాదం ఒకసారి పట్టుకుని, "అబ్బా, ఎంత చల్లగా ఉన్నావక్కా!" అని మురిసిపోయింది.

* * *

అబద్ధానికి కాళ్ళుండవంటారు. దీనికి మాత్రం రెక్కలే వచ్చాయి.

గురువారం పొద్దున తోటికోడలి అంకె డెబ్బై. శుక్రవారం పొద్దున అరవై ఆరు, సాయంత్రానికి అరవై నాలుగు. తిండి లేని ఒళ్ళు పొదుపు చేసుకుంటుంది, అందులో మాయేమీ లేదు. గురువారం ఒక్క ఎర్ర దీపంతో గండం గట్టెక్కింది. గట్టెక్కినది ఊరుకుంటుందా, మధ్యాహ్నం టీ వేళకల్లా హాలంతా చెప్పేసింది. "మా అక్క చెప్పింది. మా అక్క అంతే చేస్తుంది." శుక్రవారం పొద్దున ఒక్కరంటే ఒక్కరు తిని రాలేదు. నీళ్ళ బిందె మధ్యాహ్నానికి సగం కూడా తగ్గలేదు. చేతులన్నీ నిద్రలో కదిలినట్టు కదులుతున్నాయి. చొక్కాల లెక్క కొంచెం తగ్గింది, దీపాలు మాత్రం ఒకటొకటిగా ఆకుపచ్చబడ్డాయి.

సూపర్‌వైజరు మొహం పెళ్ళివారిల్లులా ఉంది. ఐసమ్మ దగ్గరకొచ్చి, "వీళ్ళకి ఏం మంత్రం వేశావు?" అన్నాడు.

ఐసమ్మ నవ్వింది. ఇరవై ఒక్కమంది తన మాట మీద పస్తుంటున్నారు. ఇంత గౌరవం ఏ ఆరోగ్యవంతురాలికి దక్కింది? ఆ పొద్దున తను తిన్నది గొంతులో కాస్త అడ్డం పడిన మాట నిజమే. శనివారం తను కూడా మానేద్దామనుకుంది. కానీ ఆకలేసి తినేసింది.

శనివారం చొక్కాలు కొనేవాళ్ళు చూడ్డానికొచ్చారు. పైవాళ్ళు వెంట ఉన్నారు. తలుపు దగ్గరే నిలబడి తలలెత్తి చూశారు. ఇరవై రెండు ఆకుపచ్చ దీపాలు. కిందున్న మొహాల్ని చూసే పని పడలేదు. ఒకతను ఫొటో తీసుకున్నాడు, కప్పుది.

వాళ్ళు వెళ్ళిన అరగంటకి ఐసమ్మ పక్క బల్ల మీది పలక చూసింది. యాభై తొమ్మిది. హాల్లో అదే అందరికన్నా తక్కువ. తనకన్నా కూడా అయిదు తక్కువ. నన్ను మించిపోతోందే, అనుకుంది ఐసమ్మ. అంకె యాభై ఎనిమిదైంది. అలా పలకే చూస్తూ ఉండిపోయింది. అందుకే కాలిన వాసన తగిలినప్పుడు కూడా ఆవిడ మొదట అనుకున్నది, చొక్కా పోయిందని.

చొక్కా కాదు. తోటికోడలు బల్ల మీదికి బోర్లా ఒరిగిపోయింది. కుడి మోచేయి కింద పెట్టె ఉంది. ఆవిడ అరవలేదు, అరవడానికి స్పృహ లేదు. ఐసమ్మ పెట్టె లాగేసరికి దానితోపాటు చర్మం కూడా కొంత వచ్చింది. పైన ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

ఎవరో నీళ్ళు కొట్టారు. ఎవరో వైరు పీకారు. సూపర్‌వైజరు పరుగున వచ్చి మొదట దీపం చూశాడు. "ఇది వేడి వల్ల కాదు" అన్నాడు. "చూడండి, అందరూ చూడండి. ఆకుపచ్చే. రేపు ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి."

* * *

ఆదివారం గోడ అవతల్నుంచి మూలుగు వినపడుతూనే ఉంది. ఐసమ్మ మూడుసార్లు గడపదాకా వెళ్ళింది, మూడుసార్లూ వెనక్కి వచ్చింది. సాయంత్రం పెట్టె తీసి చీటీ బయట పెట్టింది.

సోమవారం పొద్దున సూపర్‌వైజరు గదిలో మీటరాయన కూడా ఉన్నాడు, కాగితాలు ముందేసుకుని. ఐసమ్మ చీటీ బల్ల మీద పెట్టి, "నాది ఆరోగ్యం కాదు సార్, జబ్బు" అంది. "గీత తప్పు. చెరిపెయ్యండి."

సూపర్‌వైజరు చీటీ రెండుసార్లు చదివాడు. "తారీఖు బుధవారంది."

"అవును సార్."

"ఇవాళ సోమవారం."



"సార్, నేను మొదటిరోజే అన్నాను" అన్నాడు మీటరాయన. "ఆ అంకె ఆరోగ్యంగా ఉన్న మనిషిది కాదు."

"రాసి ఇచ్చావా?"

మీటరాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాసింది ఇంకోటి. కొలత సరిపోయిందని రాసి సంతకం పెట్టాడు.

"సరే, గీత తప్పే అనుకుందాం" అన్నాడు సూపర్‌వైజరు, చిన్నపిల్లలకి లెక్క చెబుతున్నట్టు. "తప్పు గీత కిందికి ఇరవై రెండుమందీ ఎలా దిగారు? శనివారం నాకు ఒక్క ఎర్ర దీపం చూపించు."

"తిండి మానేసి దిగారు సార్. మానమని చెప్పింది నేనే."

"నువ్వు చెప్పావు. నేను చెప్పానా? కంపెనీ చెప్పిందా?" చీటీ మడిచి ఆవిడ వైపు తోశాడు. "పైనుంచి ఫోనొచ్చింది. కొనేవాళ్ళకి తెగ నచ్చిందట. ఇంత సులువుగా దిగారంటే ఇంకా దిగగలరు కదా అంటున్నారు. రేపట్నుంచి అరవై రెండు."

"అరవై రెండా?" అన్నాడు మీటరాయన. "ఆవిడదే అరవై నాలుగు సార్."

"నీ పని గీత దించడం. దించు." ఐసమ్మ వైపు తిరిగాడు. "ఈ చీటీ ఇంకెవరికీ చూపించకు. జబ్బు మనిషిని పెట్టె దగ్గర నిలబెట్టకూడదని రూలుంది. నీ మంచికే చెబుతున్నా."

చీటీ తీసుకుని బయటికొచ్చింది. మింగలేక కక్కలేక రోజంతా పని చేసింది. ఆ రోజు ఆవిడ ఇస్త్రీ చేసిన కాలర్లలో మూడు తిప్పి పంపారు. అలా ఎప్పుడూ జరగలేదు.

* * *

మంగళవారం తొమ్మిది కాగానే ఒకటో బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది. అరవై నాలుగు. అదే ఒళ్ళు, అదే అంకె. హాల్లో పెట్టెలు ఒక్క క్షణం ఆగాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది.

"చల్లగదికి" అన్నాడు సూపర్‌వైజరు, ఆవిడ మొహం చూడకుండా.

చల్లగదిలో బెంచీ మీద తోటికోడలు అప్పటికే ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. మూడో రోజుకే వచ్చేసింది, మానితే ఆ రోజులు కూడా లెక్కలోకే వస్తాయని ఎవరో చెప్పారట. ఐసమ్మను చూసి ఎడమ చేత్తో బెంచీ తుడిచి పక్కకి జరిగింది.

"నీకు కూడానా అక్కా? ఏం తిన్నావు పొద్దున?"

ఏసీ గాలి సరిగ్గా బెంచీ మీదికే కొడుతోంది. ఐసమ్మ తువ్వాలు విప్పి భుజాల చుట్టూ కప్పుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే దవడ బిగించింది. ఒళ్ళు వేడెక్కిందని అక్కడ కూర్చోబెట్టారు ఆవిడని.

"నేను తెలివితక్కువగా నాలుగు ముద్దలు తిన్నాను" అంది తోటికోడలు. "కాలిన దానికి మాత్రలిచ్చారు కదా, ఉత్త కడుపున వేసుకోకూడదన్నారు. వెంటనే ఎర్ర దీపం. రేపట్నుంచి ఆ మాత్రలే మానేస్తాను, పీడా పోతుంది."

"మానకు" అంది ఐసమ్మ. "నేను చెప్పినదంతా అబద్ధం. నేను రోజూ తినే వస్తాను. నాకు జబ్బు, అందుకే చల్లగా ఉంటాను. ఇదిగో, డాక్టరమ్మ రాసిచ్చింది చూడు." చీటీ తీసింది. వేళ్ళు చలికి కొయ్యబారి, విప్పడానికి చాలాసేపు పట్టింది. "నిన్ను చంపేదాన్నే. కావాలనే చెప్పాను. తిను, కడుపు నిండా తిను. నీళ్ళు తాగు."

తోటికోడలు చీటీ తీసుకోలేదు. దాని వైపు, తర్వాత ఐసమ్మ మొహం వైపు చూసింది. కోపంగా కాదు. చాలా నిదానంగా, లోకం తెలిసినదానిలా చూసింది.

"అబద్ధమైతే నా అంకె ఎలా తగ్గిందక్కా?"

ఐసమ్మ చీటీ ఇంకొంచెం ముందుకు చాపింది.

"యాభై ఎనిమిది వచ్చింది నాకు. నీక్కూడా ఎప్పుడూ రాలేదు. అందుకేగా ఇప్పుడు తినమంటున్నావు?" గొంతులో నొప్పి ఉంది తప్ప పగ లేదు. "పోనీలే. నేనైనా అంతే చేసేదాన్నేమో. నేర్పావు, అదే చాలు. నేను ఎవరితోనూ అననులే."

సూపర్‌వైజరు తలుపు కొంచెం తెరిచాడు. "ఇరవై నిమిషాలైంది, లే" అన్నాడు తోటికోడలితో. "నువ్వు ఒకటో బల్ల దగ్గర నిలబడు. అది ఖాళీగా ఉండకూడదు, తలుపు తీయగానే కనిపించేది అదే."

తోటికోడలు వెళ్ళింది. అద్దంలోంచి ఐసమ్మ చూస్తూనే ఉంది. కుడి చెయ్యి కదలదు కాబట్టి పెట్టె ఎడమ చేత్తో పట్టుకుంది. ఒక కాలర్ పరిచింది, కొసల నుంచి మధ్యకి. పైన అంకె అరవై ఒకటి దగ్గర నిలబడింది, దీపం ఆకుపచ్చగా మారింది. ఆవిడ తల ఎత్తి దీపం చూసుకుంది. ఆ తర్వాత చల్లగది వైపు తిరిగి, అద్దంలోంచి కనిపించేలా, కట్టు కట్టిన చెయ్యి కష్టం మీద గుండె దాకా ఎత్తి నెమ్మదిగా పైకీ కిందికీ కదిపింది. నెమ్మదిగా పీల్చు అక్కా, ముక్కుతో, అని.

ఐసమ్మకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, అంకె పెరుగుతుంది, ఇంకో రెండు దీపాలు వెలిగితే ఇంటికే. ఏడుపు ఆపుకుని, దవడ బిగించి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది.